గుంటనక్క ఒంటి తీరు చెప్పగల కెమెరాయేనా? ఆరు నెలలు వాడిన ట్రెయిల్ కెమెరాపై సమీక్ష

నంద్యాల జిల్లా మిడుతూరు మండలంలో, రోళ్లపాడు అభయారణ్యానికి దగ్గరలో మాకు కొంత నల్లరేగడి చేను ఉంది. బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటైన ఆ గడ్డి మైదానంలోనూ, దాని చుట్టుపక్కల శనగ, జొన్న చేలలోనూ గుంటనక్కలు తిరుగుతుంటాయి. గట్టు మీది రేగుచెట్టు కింద రేగు గింజలతో నిండిన వాటి పెంటికలు చిన్నప్పటి నుంచి చూస్తున్నాను గానీ, ఆ జంతువును నిలబెట్టి చూసిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కిందటి కార్తీకంలో మా చేనులో గొర్రెలు నిలిపిన కాపరి ఒకాయన, "మీ గట్టు మీద తిరిగే నక్కకు గజ్జి పట్టినట్టుండాది నాయనా, తోక సూస్తే ఎలక తోక మాదిరి అయింది" అన్నాడు. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవాలనే కోరికతో 7,500 రూపాయలు పెట్టి ఈ ట్రెయిల్ కెమెరా, అంటే జంతువులు నడిచే దారి పక్కన కట్టి ఉంచే కెమెరా, కొన్నాను. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు దాన్ని గట్టు మీదే ఉంచి వాడిన తర్వాత ఈ సమీక్ష రాస్తున్నాను.

మొదట ఒక మాట స్పష్టం చేయాలి. మన ఊళ్లలో ఉత్తగా నక్క అంటే చాలామంది ఉద్దేశం రాత్రుళ్లు గుంపుగా కూసే పెద్ద నక్క. నేను రాస్తున్నది దాని గురించి కాదు. రెండు మూడు కిలోల బరువు మాత్రమే ఉండి, బొరియలో కాపురం చేసి, చెదపురుగులు, మిడతలు, ఎలుకలు, ఎండ్రకాయలు, రేగుపళ్లు తిని బతికే గుంటనక్క గురించి. దాని చెవులు ఒంటికి మించిన పెద్దవి, కాళ్లు సన్నం, తోక ఒంటి పొడవులో సగానికి పైగా ఉంటుంది, తోక కొస నల్లగా ఉంటుంది. ఇంత చిన్న జంతువు ఒంటి మీది బొచ్చు ఎలా ఉందో చూడడానికి కెమెరా ఎంచుకోవడం వేరు, జింకలు వచ్చాయా లేదా అని చూడడానికి ఎంచుకోవడం వేరు. అమ్మకం పేజీలలో వచ్చే సమీక్షలన్నీ రెండో అవసరానికి సంబంధించినవే కనుక, మొదటి అవసరం కోసం కొనేవారికి అవి అంతగా పనికిరావు.

కెమెరా పేరు రాయకపోవడానికి ఒక కారణం ఉంది. ఈ ధరలో దొరికే వాటిలో చాలావరకు ఒకే అచ్చులో పోసి రెండు మూడు పేర్లతో అమ్ముతున్నవే కనుక, పేరు కంటే లక్షణాలు చూసుకోవడం మేలు. నా దగ్గరున్నది కదిలే వేడిని పసిగట్టి దానంతట అదే చిత్రం తీసేది, చీకట్లో చిత్రం తీయడానికి 850 నానోమీటర్ల తరంగాల ఇన్‌ఫ్రారెడ్ దీపాలున్నది, 8 ఏఏ బ్యాటరీలతో నడిచేది, 1080పి వీడియో తీసేది. పెట్టె మీద 48 మెగాపిక్సెల్ అని పెద్ద అక్షరాలతో వేశారు. లోపలి సెన్సర్ అందులో చిన్న భాగం మాత్రమే. మిగతాది కెమెరా లోపల సాగదీసి పెంచిన సంఖ్య. అత్యధిక రిజల్యూషన్‌లో తీసిన ఫోటోను, తక్కువ రిజల్యూషన్‌లో తీసిన ఫోటోను పక్కపక్కన పెట్టి పెద్దవి చేసి చూస్తే, మొదటిది కార్డులో ఎక్కువ చోటు తినడం తప్ప వెంట్రుకల వివరంలో తేడా ఏమీ కనిపించలేదు.

బొచ్చు వివరం ఎంత దూరం వరకు తెలుస్తుందో కనిపెట్టడానికి నక్కల కోసం ఎదురుచూడకుండా ఒక చిన్న పరీక్ష చేశాను. ఒక కట్టెకు చిరిగిన గోనెపట్టా ముక్క, దాని పక్కన పీచు లేచిన కొబ్బరి తాడు కట్టి, రాత్రి 8 గంటలకు కెమెరాకు ఒకటిన్నర, 3, 5, 7 మీటర్ల దూరాల్లో పాతుతూ ఫోటోలు తీశాను. ఒకటిన్నర మీటర్ల దగ్గర దీపాల వెలుగు ఎక్కువై గోనె అంతా తెల్లగా కాలిపోయినట్టు వచ్చింది, పైగా ఫోకస్ కూడా కుదరలేదు. 3 మీటర్ల దగ్గర తాడు మీద లేచి నిలిచిన పీచు పోగు పోగూ లెక్కపెట్టేటంత స్పష్టంగా ఉంది. 5 మీటర్ల దగ్గర గోనె నేత కనిపించడం మానేసింది. 7 మీటర్ల దగ్గర ఏది గోనె, ఏది తాడు అన్నది ఆకారాన్ని బట్టి తప్ప తెలియలేదు. కొన్న పెట్టె మీద 20 మీటర్లని రాసిన మాట అబద్ధం కాదు, ఎందుకంటే 20 మీటర్లలో జంతువు వచ్చిందని తెలుస్తుంది. కానీ బొచ్చు చూడాలంటే ఈ కెమెరా పరిధి రెండున్నర నుంచి నాలుగు మీటర్లే. ఇది తెలిసిన తర్వాత కెమెరాను చెట్టు నుంచి తీసి, నక్క నడిచే దారికి 3 మీటర్ల దూరంలో, నేల నుంచి జానెడున్నర ఎత్తులో ఒక రాతి గుంజకు కట్టాను. మనిషి ఎత్తులో కడితే పై నుంచి వీపు మాత్రమే కనిపించి, చూడవలసిన డొక్కలు, పొట్ట, వెనక కాళ్లు నీడలో ఉండిపోతాయి.

ఒంటి తీరు అంచనా వేయడంలో నేను మొదట చూసేది తోకనే. అదృష్టం కలిసొచ్చిన వాణ్ని నక్క తోక తొక్కి వచ్చావా అని అడుగుతాం గానీ, నక్క అదృష్టం ఎలా ఉందో చెప్పేది కూడా ఆ తోకే. ఆరోగ్యంగా ఉన్న గుంటనక్క తోక మొదలు నుంచి కొస వరకు ఒకే మందంలో, పొదిగినట్టు ఉంటుంది. గజ్జి సోకిన జంతువుకు చాలాసార్లు తోక మొదట్లో, తుంటి మీద, వెనక కాళ్ల మీద ముందుగా బొచ్చు ఊడుతుంది. ఊడిన చోట చర్మం మందమై, బూడిదరంగుకు తిరిగి, పొక్కులు కట్టి, మడతలు పడుతుంది. దీనికి కారణం చర్మంలోకి దొలుచుకుపోయి అక్కడే గుడ్లు పెట్టే సార్కోప్టిస్ అనే కంటికి ఆనని పురుగు. గుడ్డు నుంచి గుడ్డు పెట్టే దశకు రావడానికి దానికి రెండు మూడు వారాలు చాలు. అందువల్లనే ఒక జంతువును ఒకసారి చూసి ఊరుకోకుండా, పదిహేను రోజుల తేడాతో మళ్లీ మళ్లీ చూడగలగడం అవసరమవుతుంది. ఈ పనికి మనిషి కాపలా కంటే కెమెరా ఎంతో మెరుగు, దీని విలువ నాకు తెలిసింది కూడా అక్కడే.

తోక తర్వాత చూడవలసినవి డొక్కలు. గడ్డి మైదానపు నక్క సహజంగానే సన్నంగా ఉంటుంది కనుక సన్నదనం జబ్బు కాదు. నడుస్తున్నప్పుడు తుంటి ఎముకలు రెండు మూలలుగా పొడుచుకు రావడం, డొక్క గుంట పడడం, వెన్ను మీద పూసలు వరుసగా కనిపించడం, ఈ మూడూ కలిస్తే ఆలోచించాలి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో పిల్లలకు పాలిచ్చే ఆడనక్క పొట్ట మీద చనుమొనల చుట్టూ బొచ్చు పలచబడి, ఒళ్లు కూడా తగ్గుతుంది. దాన్ని జబ్బు కింద లెక్కించకూడదు. చలికాలం వెళ్లి ఎండలు ముదిరేటప్పుడు చలికాలపు నూగు రాలడం కూడా ఇలాగే మోసం చేస్తుంది. అప్పుడు కాళ్లు మరింత పొడవుగా, చెవులు మరింత పెద్దవిగా కనిపించి జంతువు చిక్కిపోయిందనిపిస్తుంది. ఊడే కాలంలో పాత బొచ్చు కింద కొత్త పొట్టి బొచ్చు ఉంటుంది, రెండు పక్కలా ఒకే తీరున రాలుతుంది, చర్మం బయటపడదు. గజ్జిలో చర్మం బయటపడుతుంది, ఒక పక్క ఒకలా మరో పక్క మరోలా ఉంటుంది, జంతువు నిలిచి నిలిచి గోక్కుంటూ ఉంటుంది.

ఈ తేడాలు పట్టుకోవడంలో కెమెరా ఎంతవరకు నిలబడిందంటే, రాత్రి ఫోటోలలో బాగా తడబడింది, వీడియోలలో నిలబడింది. రాత్రి ఫోటోలకు రంగు ఉండదు. ఇన్‌ఫ్రారెడ్ వెలుగులో నల్లని తోక కొస కూడా బూడిదరంగులో వస్తుంది కనుక, బోసిపోయిన చర్మానికీ పొట్టి బొచ్చుకూ మధ్య తేడాను రంగును బట్టి చెప్పలేము. నక్క కదులుతూ ఉంటే షట్టర్ నిదానం వల్ల డొక్క మీద బొచ్చంతా అలికినట్టు నున్నగా వస్తుంది. అలా నున్నగా వచ్చిన ఒక్క ఫోటో చూసి గజ్జి అనుకోవడం సులభం, అదే పద్ధతిలో నిజమైన గజ్జిని దాటిపోవడం కూడా సులభం.

నాకు అటువంటి పొరపాటే జరిగింది. జనవరి రెండో వారంలో ఒక తెల్లవారుజామున 4:50కి తీసిన మూడు ఫోటోలలో నక్క వెనక కాళ్లు, పొట్ట, తోక సగం వరకు బొచ్చంతా పోయి ఎముకలకు అంటుకున్నట్టు కనిపించాయి. కాపరి మాట నిజమేనని నిర్ణయించుకుని, రెండు రోజులు మనసు కలత చెందింది. మూడో రోజు కెమెరాను వీడియోకు మార్చాను. ఆ వీడియోలో అదే నక్క, కుడి చెవి అంచున చిన్న చీలిక ఉన్న ఆడనక్క, శనగ చేను లోంచి బయటికి వచ్చి, ఒళ్లంతా ఒక్కసారి దులుపుకుంది. దులుపుకోగానే నీటి చుక్కలు దీపాల వెలుగులో చుట్టూ చిమ్మాయి, కాళ్ల మీది బొచ్చు లేచి నిలిచింది. శనగ ఆకుల మీద రాత్రి పట్టే పుల్లని మంచులో, అంటే మా వాళ్లు బట్ట పరిచి పిండుకునే ఆ పులుసులో, చేనంతా తిరిగి వచ్చింది కనుక కింది సగం తడిసి అతుక్కుపోయి ఉంది. తడిసిన నక్క, గజ్జి నక్క ఫోటోలో ఒకే తీరుగా ఉంటాయని ఆ పూట నేర్చుకున్నాను. ఆనాటి నుంచి ఫోటో పద్ధతిని పూర్తిగా మానేసి, 20 సెకన్ల వీడియోకే పెట్టాను. నడక, గోక్కోవడం, దులుపుకోవడం, కళ్లు పూర్తిగా తెరుస్తుందా లేదా అన్నవి ఫోటోకు దొరకవు.

కాపరి చూసిన నక్క వేరే ఉంది. అది ఫిబ్రవరి మొదటి వారంలో, పొద్దు వాలాక 6:10కి, ఇంకా వెలుతురు ఉండగానే కెమెరా ముందుకు వచ్చింది. అందువల్ల రంగులతో వీడియో దొరికింది. తోక మొదటి నుంచి బెత్తెడు మేర బొచ్చు లేదు, అక్కడ చర్మం ఎండిన బురదలా పగుళ్లు పట్టి ఉంది. 20 సెకన్లలో మూడుసార్లు ఆగి వెనక కాలితో పక్కటెముకల మీద గోక్కుంది. కళ్లు మాత్రం తేటగానే ఉన్నాయి. రెండు వారాల తర్వాతి వీడియోలో బోసిపోయిన భాగం తుంటి దాకా పాకింది, కళ్ల చుట్టూ పొక్కులు కట్టి ఎడమ కన్ను సగం మూసుకుపోయింది. రాత్రి చిత్రాలలో కళ్లు మెరవడం మామూలు కదా; దాని ఎడమ కన్ను మెరవడం మానేసింది. ఒంటి మీద బొచ్చు పోయిన జంతువుకు చలి రాత్రుల్లో ఒంటి వేడి నిలవదు, ఆ వేడి కోసం ఎక్కువ తినాలి, వేటాడే ఓపిక తగ్గుతుంది, చివరికి పగలు కూడా బయట తిరుగుతుంది. మార్చి మొదటి వారంలో మధ్యాహ్నం పూట తీసిన వీడియో ఆ దశనే చూపింది. ఆ మూడు వీడియోలనూ తేదీలతో సహా అటవీ శాఖ సిబ్బందికి చూపించాను. వారు వచ్చి ఆ చోటు చూసి వెళ్లారు. మార్చి 9 తర్వాత ఆ నక్క నా కెమెరాకు కనిపించలేదు.

ఇక్కడ కొంచెం పక్కకు వెళ్లి ఒక మాట చెప్పాలి. లండన్ శివార్లలో ఉంటున్న మా చెల్లెలు తన పెరట్లో ఇటువంటి కెమెరానే పెట్టుకుంది, అక్కడివి తోక కొస తెల్లగా ఉండే ఎర్ర నక్కలు. ఆ దేశంలో బ్రిస్టల్ నగరంలో 1994లో గజ్జి ప్రవేశించి రెండేళ్లలో నూటికి 95కు పైగా నక్కలను తుడిచిపెట్టింది. మన దగ్గర గజ్జితో పాటు డిస్టెంపర్, పార్వో, రేబిస్ అనే వైరస్ జబ్బుల భయం కూడా ఉంది, ఇవన్నీ ఊరకుక్కలతో చేల దాకా వస్తాయి. మహారాష్ట్రలో సోలాపూర్ దగ్గరి నన్నజ్ ప్రాంతపు కుక్కల మీద, గుంటనక్కల మీద జరిపి 2014లో ప్రచురించిన పరిశోధనలో రెండింటి రక్తంలోనూ డిస్టెంపర్, పార్వో వైరస్‌లు సోకిన జాడలు దొరికాయి. రోళ్లపాడులో గుంటనక్కల సంఖ్య ఒక్కసారిగా పడిపోవడాన్ని కూడా పరిశోధకులు గతంలో నమోదు చేశారు. కాబట్టి వీడియోలో నక్క తూలుతున్నా, ముక్కు, కళ్ల నుంచి స్రావం కారుతున్నా, దవడ వేలాడుతున్నా, మనుషులను చూసి బెదరకపోయినా అది బొచ్చు విషయం కాదు. దగ్గరికి వెళ్లకుండా అటవీ శాఖకు తెలపడమే సరైన పని. గజ్జి మందును మాంసంలో పెట్టి చేనులో వదలమని నాకు ఇద్దరు సలహా ఇచ్చారు. రెండు కిలోల జంతువుకు ఎంత మోతాదు అందిందో తెలియదు, ఆ ముక్క ఏ కుక్క తిందో, ఏ పక్షి తిందో తెలియదు; పైగా ఇది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువు. నేను ఆ పని చేయలేదు.

కెమెరాలో మెచ్చుకోదగ్గవి చెబుతాను. కదలిక పసిగట్టిన తర్వాత వీడియో మొదలవడానికి పట్టే సమయం తక్కువ, నడిచే నక్క తోక కొస కూడా తప్పిపోదు. దీపాలు సన్నని ఎర్ర చుక్కల్లా వెలుగుతాయి, నక్కలు మొదటి రెండు రాత్రులు ఆగి చూసి తర్వాత పట్టించుకోలేదు. 940 నానోమీటర్ల దీపాలున్న రకం అసలు కనిపించదంటారు గానీ, దాని వెలుగు దూరం తక్కువ. బొచ్చు వివరమే ముఖ్యమైనప్పుడు 850 వైపే నేను మొగ్గు చూపుతాను. మంచి ఆల్కలైన్ బ్యాటరీలతో చలికాలంలో ఆరు వారాలు నడిచింది. రీఛార్జి బ్యాటరీలు ఒక్కొక్కటి 1.2 వోల్టులే ఇస్తాయి కనుక అవి వేసినప్పుడు రాత్రి దీపాలు మందగించి, పైన చెప్పిన 3 మీటర్ల స్పష్టత కూడా పోయింది.

లోపాలలో మొదటిది ఎండ. ఈ సెన్సర్ జంతువు ఒంటి వేడికీ వెనక ఉన్న నేల వేడికీ తేడాను బట్టి పని చేస్తుంది. ఏప్రిల్‌లో మా చేను 42 డిగ్రీలకు చేరినప్పుడు ఆ తేడా చెరిగిపోయి, సాయంత్రం 7 గంటల వరకు ముందు నుంచి మేకలు నడిచినా తీయలేదు. రంగులతో బొచ్చు కనిపించే సంధ్య వెలుతురు అంతా ఆ నెలలో వృథా అయింది. రాయలసీమలో ఈ పని కోసం కొనేవారు నవంబరు నుంచి మార్చి నడిమి వరకే దీని మీద నమ్మకం పెట్టుకోవాలి. రెండోది మూత చుట్టూ ఉన్న రబ్బరు పట్టీ. డిసెంబరులో మంచు లోపలికి దిగి అద్దం మీద ఆవిరి పట్టింది, తొమ్మిది రాత్రుల వీడియోలు పాల మీగడ వెనక నుంచి తీసినట్టు వచ్చాయి. అమ్మిన వారికి రాస్తే, తడి తగిలిన పరికరానికి హామీ వర్తించదని బదులిచ్చారు. ఆరుబయట వర్షంలో కూడా ఉంచవచ్చని వారే రాసిన వస్తువు గురించి ఈ జవాబు నాకు చాలా బాధ కలిగించింది. చివరికి సైకిల్ ట్యూబు ముక్క కోసి పట్టీ కింద అమర్చి, లోపల తేమ పీల్చే సిలికా పొట్లాలు రెండు వేసుకున్నాను, ఆ తర్వాత ఇబ్బంది రాలేదు. మూడోది వెనక ఉన్న చిన్న తెర. దాని మీద చూసి ఏ నిర్ణయానికీ రాకూడదు, కార్డు తెచ్చి పెద్ద తెర మీదే చూడాలి.

వాడేవారికి రెండు జాగ్రత్తలు చెప్పాలి. అభయారణ్యం హద్దులోపల అనుమతి లేకుండా కెమెరా పెట్టకూడదు, సొంత చేనులో పెట్టినా బొరియ నోటి దగ్గర పెట్టకూడదు, ముఖ్యంగా పిల్లలున్న రోజుల్లో. తెల్లవారకముందే ఆడవాళ్లు చేల వైపు వస్తారు కనుక, కెమెరా ఎక్కడ ఉందో, ఎటు చూస్తుందో చుట్టుపక్కల వారికి ముందే చెప్పి, అభ్యంతరం ఉంటే చోటు మార్చాలి. నేను రెండుసార్లు మార్చాను.

ఐదుకు ఎన్ని చుక్కలని అడిగితే చలికాలానికి నాలుగు, ఎండాకాలానికి ఒకటి ఇస్తాను. జబ్బు నక్క వీడియోలను మళ్లీ చూస్తున్నప్పుడు ఒక సంగతి గమనించాను. మొదటి రెండింటిలో అది ఎడమ పక్క మాత్రమే చూపింది, కుడి పక్క ఎలా ఉందో ఆఖరి వీడియో వరకు నాకు తెలియదు, తీరా చూస్తే కుడి పక్కనే ఎక్కువ పాడైంది. అందుకని ఇదే రకం కెమెరా ఇంకొకటి పాతది కొని, వచ్చే శనగ విత్తనాల నాటికి దారికి అవతలి పక్కన, రెండు దీపాలు ఒకదాని కళ్లలో ఒకటి పడకుండా ఏటవాలుగా, మరో గుంజ పాతబోతున్నాను.